నుయ్యి పూడ్చాక పుట్టిన ప్రశ్న

"మీరేటోళ్ళు బాబూ?"

మా ప్రాంతంలో ఈ ప్రశ్న వినని మనిషి ఉండడు. బస్సులో పక్క సీటువాడు అడుగుతాడు. పెళ్ళిపందిట్లో పక్క విస్తరి ముందు కూచున్నవాడు అడుగుతాడు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు తప్పనిసరిగా అడుగుతారు. అడగడంలో కోపం కనిపించదు, ద్వేషం కనిపించదు. చాలాసార్లు ముఖాన చిరునవ్వు కూడా ఉంటుంది. అందుచేత దీన్ని మనం మర్యాద కింద జమకట్టేశాం. లేదా పోతూ పోతూ మిగిలిన పల్లెటూరి పాత అలవాటు అని కొట్టిపారేశాం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అందుకు భిన్నమైన మాట. ఈ ప్రశ్న పాత పల్లె మిగిల్చిపోయిన శేషం కాదు. మనం అభివృద్ధి అని పిలుచుకుంటున్న దానితోపాటు పుట్టి, దానితోపాటే పెరిగింది. దీనికొక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో నాకూ భాగం ఉంది.

నాది పరవాడ. 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో చేరింది గాని, మా నోటికి ఇంకా విశాఖ జిల్లాయే. ఇవాళ మా ఊరికి ఒక పక్క సింహాద్రి విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు, మరో పక్క ఫార్మా సిటీ, కాస్త దూరంలో ఉక్కు కర్మాగారం. నా చిన్నతనాన ఇవేవీ లేవు. వరి, చోడి, జీడిమామిడి తోటలు, చెరువులు ఉండేవి. ఊళ్ళో ఒక నుయ్యి, పేటలో ఒక నుయ్యి ఉండేవి. మాది సేద్యగాళ్ళ కుటుంబం. ప్రభుత్వ జాబితాలో వెనకబడిన కులం, ఊళ్ళో మాత్రం ముందున్న కులం. ఈ రెండు ముఖాల సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. తర్వాత అవసరపడుతుంది.

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎవరూ ఎవర్నీ "మీరేటోళ్ళు" అని అడగడం నేను వినలేదు. అడగవలసిన అవసరమే లేదు. ఎవరు ఏ నూతిలో చేద వేస్తారో అందరికీ తెలుసు. మా కంబారి మా వీధిలోకి వచ్చేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకునేవాడు. అంటే ఊరి నిర్మాణమే మనిషి కులాన్ని ప్రకటించేది. నోరు ఆ పని చెయ్యనక్కర లేదు.

మరి ఈ ప్రశ్న నేను మొదట ఎక్కడ విన్నాను? మా తాతయ్య చెప్పిన రంగం కబుర్లలో.

మావాళ్ళు రంగూనును రంగం అనేవారు. విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి ఏటేటా వేలాది మంది ఓడెక్కి రంగం పోయేవారు. రేవులో బస్తాలు మొయ్యడం, ధాన్యం మిల్లుల్లో కూలి, రిక్షా లాగడం వాళ్ళ పనులు. బర్మావాళ్ళు మన తెలుగువాళ్ళందర్నీ గోదావరి రేవు కోరంగి పేరు మీద 'కోరంగీలు' అనేవారు. ఆ పిలుపులో చులకన ఉండేది. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను దించారు. సమ్మె తీరాక అదే యజమానులు బర్మావాళ్ళను వెళ్ళిపొమ్మన్నారు. ఇద్దరు పేదవాళ్ళను ఒకరి మీదికి ఒకర్ని తోలిన ఫలితంగా మే 26న మొదలైన అల్లర్లలో వంద మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో అత్యధికులు మనవాళ్ళు. ఆ తర్వాత 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. లక్షలాది భారతీయులు కాలినడకన కొండలూ అడవులూ దాటి స్వదేశం వచ్చారు. ఆ నడకలో సైతం తెల్లవాళ్ళకో దారి, నల్లవాళ్ళకో దారి కేటాయించారన్న ఆరోపణ ఆనాటి చరిత్రలో నమోదయి ఉంది. 1960లలో బర్మా నుంచి వచ్చేసిన కుటుంబాల గుర్తుగా విశాఖలో కంచరపాలెం పక్కన బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ నిలిచి ఉంది.

మా తాతయ్య ఆ నడకలో బతికి వచ్చినవాడు. "అక్కడ దొర మనల్ని మనిసిగా సూళ్ళేదురా" అని చివరిదాకా అనేవాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు వణికేది. అదే తాతయ్య, అదే అరుగు మీద కూచుని, పేట నుంచి వచ్చిన మనిషికి మంచినీళ్ళు పైనుంచి దోసిట్లో పోయించేవాడు. ఆయనకు ఆ రెంటికీ సంబంధం తోచలేదు. పసివాడినైన నాకూ తోచలేదు. ఓడ ప్రయాణం గురించి చెబుతూ ఒక జాగ్రత్త కూడా చెప్పేవాడు: "డెక్కు మీద ఎవలెవలో ఉంటారు. అన్నం ఒండుకునేటప్పుడు పక్కోడు ఏటోడో ముందు కనుక్కోవాల."

ఈ వాక్యాన్ని నేను చాలా ఏళ్ళ తర్వాత అర్థం చేసుకున్నాను. ఓడ మీద రెండు నూతులు లేవు. ఊరూ పేటా లేవు. అందరూ ఒకే డెక్కు మీద, ఒకే మాసిన బట్టల్లో, ఒకే కూలికి పోతున్నవాళ్ళు. చూస్తే కులం తెలియదు. అందుచేత అడగాలి. వర్ణ వివక్షకూ కుల వివక్షకూ ఉన్న ఒక ముఖ్యమైన తేడా ఇక్కడ ఉంది. రంగూను దొర మా తాతయ్యను ఏమీ అడగనక్కర లేదు. చర్మం చూస్తే చాలు. మా తాతయ్య మాత్రం పక్కవాణ్ణి అడగాలి. కులం జాతి కాదని, దానికి శరీర లక్షణాల పునాది లేదని అంబేద్కర్ గట్టిగా వాదించారు. ఆ వాదం సరైనది. సరైనది గనకనే ఒక విషయం తేలుతుంది. కంటికి కనిపించని తేడాను నిలబెట్టాలంటే దాన్ని నిరంతరం విచారిస్తూ ఉండాలి. కులానికి ఆ విచారణ ప్రాణవాయువు వంటిది.

ఇక్కడ మన శిబిరంలో చాలాకాలంగా ఉన్న ఒక నమ్మకాన్ని పరిశీలించాలి. మార్క్స్ 1853లో అమెరికా పత్రిక ఒకదానికి భారతదేశం గురించి రాస్తూ, రైళ్ళ వెంట వచ్చే ఆధునిక పరిశ్రమ కులాలకు ఆధారమైన వంశపారంపర్య శ్రమ విభజనను కరిగిస్తుందని ఊహించాడు. భారత ప్రజలు బ్రిటిష్ కాడిని తామే విదల్చుకోవడమో, ఇంగ్లండులోనే కార్మికవర్గం అధికారానికి రావడమో జరిగేదాకా ఆ మార్పుల ఫలం వారికి దక్కదన్న షరతునూ అక్కడే పెట్టాడు. మనం షరతును మరిచి ఊహను సిద్ధాంతం చేసుకున్నాం. ఫ్యాక్టరీ వస్తుంది, కార్మికవర్గం పుడుతుంది, కులం ఉపరితలాంశం గనక పునాది మారగానే అదే రాలిపోతుంది అని ఉపన్యాసాలిచ్చాం. నేనూ ఇచ్చాను.

ఈ ఊహను పరీక్షించడానికి విశాఖ కన్న మంచి చోటు తెలుగునేల మీద లేదు. 1933లో రేవు తెరిచారు. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడింది, 1948లో 'జల ఉష' అనే ఓడ నీళ్ళలోకి దిగింది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. 1966లో ఉక్కు కోసం జనం వీధుల్లోకి వచ్చారు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. 1971లో పునాదిరాయి, 1992లో కర్మాగారాన్ని జాతికి అంకితం చెయ్యడం జరిగాయి. 2002లో మా ఊరి పక్కనే సింహాద్రిలో మొదటి యూనిట్ విద్యుత్తు ఇచ్చింది. ఒక జీవితకాలంలో ఒక ప్రాంతం ఇంత మారడం చిన్న విషయం కాదు.

ఈ మార్పులో లాభం లేదని అనేవాడు అబద్ధమాడుతున్నట్టే. రిజర్వేషన్ అమలైన ప్రభుత్వరంగ కర్మాగారంలో పేట పిల్లలు మాతో సమానంగా జీతం తీసుకున్నారు. క్యాంటీనులో ఒకే బల్ల దగ్గర తిన్నాం. ఒకే క్వార్టర్ల వరసలో ఉన్నాం. వాళ్ళ పిల్లలు ఇంజనీర్లు, డాక్టర్లు అయ్యారు. మా ఊరి నూతులు రెండూ వాడకం పోయి పూడిపోయాయి. వీధి కొళాయిలు వచ్చాయి.

కాని పరిశ్రమ తనంత తాను కులాన్ని కరిగించిందా? బొంబాయి బట్టల మిల్లుల చరిత్ర చూడండి. అక్కడ నేతఖాతాలో కూలి ఎక్కువ. ఆ ఖాతాలోకి అస్పృశ్యులను రానిచ్చేవారు కారు. కారణం యజమాని చట్టం కాదు. దారం తెగినప్పుడు దాన్ని నోటితో తడిపి అతకవలసి వచ్చేది. తోటి కార్మికులు ఆ ఎంగిలిని ఒప్పుకోలేదు. 1920ల చివరి సమ్మెల కాలంలో అంబేద్కర్ ఈ విషయాన్ని లేవనెత్తి, సమ్మె కోర్కెల్లో దీన్ని కూడా చేర్చాలని పట్టుబట్టారు. 1938లో మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికుల సభలో మాట్లాడుతూ, ఈ దేశ కార్మికులకు పెట్టుబడిదారీ విధానంతోపాటు బ్రాహ్మణవాదం కూడా శత్రువేనని చెప్పారు. అంటే అత్యాధునిక యంత్రం ముందు నిలబడ్డ కార్మికుడి నోటి దగ్గర సైతం కులం కాపలా కాసింది. మన విశాఖలో ఓడలు కట్టేవాళ్ళు, ఉక్కు కరిగించేవాళ్ళు అన్ని కులాల నుంచీ వచ్చారు. నగరం కాలవలు, వీధులు శుభ్రం చేసే పని మాత్రం తరాల తరబడి ప్రధానంగా రెల్లి కులం భుజాల మీదే పడింది. ఆ శ్రమ విభజనను ఏ కొలిమీ కరిగించలేదు.

అయితే చట్టాల మాటేమిటి? 1950లో రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో నేరాల చట్టం వచ్చింది. 1976లో దాన్ని సవరించి పౌరహక్కుల రక్షణ చట్టం అన్నారు. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం చేశారు. అయినా 1990ల చివర ఏర్పడిన జస్టిస్ పున్నయ్య కమిషన్ రాష్ట్రమంతా తిరిగినప్పుడు టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి కళ్ళెదుటే కనిపించింది. మన రాష్ట్రపు పెద్ద మారణకాండలు ఎక్కడ మొదలయ్యాయో గుర్తు తెచ్చుకుందాం. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలు హతులయ్యారు. దానికి ముందు జరిగింది మంచినీళ్ళ చెరువు దగ్గర గొడవ. తాము తాగే నీళ్ళను పాడుచెయ్యొద్దని మాదిగపల్లెవాళ్ళు అభ్యంతరం చెప్పారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులు హతులయ్యారు. దానికి ముందు జరిగింది సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగాదా. ఆ కాలు ఒక చదువుకున్న దళిత యువకుడిది. మంచినీళ్ళు, సినిమా హాలు, చదువు: మూడూ మనం ప్రగతికి చిహ్నాలుగా లెక్కించేవే. ప్రగతి ఉన్నచోట వివక్ష ఉండదన్న మాట అక్కడే తప్పిపోయింది. వెనకబడినవాడు నీళ్ళు మావి అన్నప్పుడు, సీటు మాకూ ఉంది అన్నప్పుడు, అప్పటిదాకా చిరునవ్వులో దాగిన వివక్ష గొడ్డలి పట్టింది.

"అవన్నీ కోస్తా జిల్లాల సంగతులు, మన ఉత్తరాంధ్రలో అలాంటివి లేవు" అని మేం చాలాకాలం చెప్పుకున్నాం. 2012 జూన్ 12న శ్రీకాకుళం జిల్లా లక్ష్మీపేట ఆ మాటకు జవాబు చెప్పింది. మడ్డువలస రిజర్వాయరు కోసం తీసుకున్న భూమిలో ముంపుకు రాని మేర దళితులు సాగు చేసుకుంటున్నారు. ఆ భూమి దగ్గరే వారి మీద దాడి జరిగింది. ఐదుగురు చనిపోయారు. అక్కడ దాడి చేసింది మనం అలవాటుగా అగ్రవర్ణ భూస్వాములు అని రాసే వర్గం కాదు. జాబితాలో వెనకబడిన కులమే. నా రెండు ముఖాల సంగతి గుర్తుంచుకోమన్నది ఇందుకే. పైకి చూసినప్పుడు పీడితుడు, కిందికి చూసినప్పుడు పీడకుడు అయిన మనిషి చరిత్ర మన విమర్శలో ఇంకా సరిగా రాయబడలేదు.

సాహిత్యం ఏం చేసింది? మా పరవాడకు ఎంతో దూరం కాని ఎస్. రాయవరంలో 1862లో పుట్టిన గురజాడ 'లవణరాజు కల'లో మాలపడుచును రాజుకు ఎదురుగా నిలిపాడు. 1922లో ఉన్నవ 'మాలపల్లి' రాశాడు, ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1938లో వచ్చిన 'మాలపిల్ల' సినిమాకు మాటలు రాసిన తాపీ ధర్మారావే 1943లో తెనాలిలో జరిగిన అరసం మొదటి మహాసభకు అధ్యక్షుడు. 1941లో జాషువా 'గబ్బిలం' వచ్చింది. ఈ వారసత్వం గొప్పది. కాని ఆ తర్వాత మనకు వర్గమనే మాట దొరికింది. దానితో ఎన్నో చీకట్లు తొలగాయి. అదే సమయంలో కులమనే మాటను పక్కన పెట్టడానికి ఒక సాకూ దొరికింది. 1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తికి ఈ విశాఖలోనే విద్యార్థులు రచయితలకు సవాలు విసిరారు. ఆ సవాలు నుంచి విప్లవ సాహిత్యం పుట్టింది. ఆ తర్వాత దశాబ్దంన్నర మన కథల్లో కార్మికుడు ఉన్నాడు, రైతుకూలీ ఉన్నాడు. వాళ్ళకు ఇంటిపేర్లు లేవు, పేటలు లేవు. కారంచేడు తర్వాతగాని మనం ఉలిక్కిపడలేదు. దళిత కవులు తమ గొంతుతో తామే రాసుకుని, 1995లో 'చిక్కనవుతున్న పాట' సంకలనం తెచ్చినప్పుడు, మనలో కొందరం అది ఐక్యతను చీలుస్తుందేమోనని చర్చలు పెట్టాం. ఐక్యత అంతకు ముందే చీలి ఉందనీ, చీలిక మన ఇంటి గుమ్మం దగ్గరే ఉందనీ చూడలేదు.

గుమ్మం మాట వచ్చింది గనక నా గుమ్మం సంగతి చెప్పాలి. చెప్పకపోతే పైన రాసిందంతా ఉపన్యాసమే అవుతుంది.

2021 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఉక్కు కర్మాగారంలో తన వాటా మొత్తం అమ్మేయడానికి సూత్రప్రాయంగా నిర్ణయించింది. కూర్మన్నపాలెం కూడలిలో నిరాహారదీక్షల శిబిరం వెలిసింది. రిటైరైన మేమూ వెళ్ళి కూచునేవాళ్ళం. నా పక్కన నాతో పాతికేళ్ళు ఒకే షాపులో పనిచేసిన మిత్రుడు కూచునేవాడు. యూనియన్‌లో ఇద్దరం కలిసి తిరిగినవాళ్ళం. ఆయన పేట నుంచి వచ్చినవాడు. శిబిరంలో పులిహోర పొట్లం విప్పి ఇద్దరం తినేవాళ్ళం. అదే రోజుల్లో గాజువాకలో మా ఇంటి పై వాటా ఖాళీ అయింది. బోర్డు పెట్టాం. ఆయన కొడుకు ఫార్మా సిటీలో ఉద్యోగం చేస్తూ ఇల్లు వెతుక్కుంటున్నాడు. అది నా ఇల్లని తెలియక వచ్చాడు. మా ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి అడిగింది: "మీరేటోళ్ళు బాబూ?" కుర్రవాడు ఊరి పేరు చెప్పాడు. "ఊళ్ళోనా, పేటా?" అని మళ్ళీ అడిగింది. అతను దాచకుండా చెప్పాడు. "మా చుట్టాలు దిగుతామన్నారు బాబూ, చెప్పలేను" అంది. లోపలి గదిలో పేపరు చదువుతూ నేనదంతా విన్నాను. గొంతు గుర్తుపట్టాను. లేవలేదు.

తప్పు ఆవిడ మీదికి నెట్టను. "ఎవళ్ళో ఏటో కనుక్కుని మరీ ఇవ్వు" అని ముందు రోజు చెప్పింది నేనే. ఆ మాట అన్నప్పుడు నాకు కులం స్ఫురణలో లేదని నన్ను నేను సమాధానపరుచుకున్నాను. స్ఫురణలో లేకుండా పనిచెయ్యడమే దాని బలం.

రెండు రోజుల తర్వాత శిబిరంలో ఆయన ఎప్పటిలాగే పక్కన కూచున్నాడు. నీళ్ళ సీసా అందించాడు. చాలాసేపటికి, నా వైపు చూడకుండా అన్నాడు: "మావోడు మీ ఇంటికొచ్చేడంట గురువుగారూ. వాడికి చెప్పేను. అడిగినోళ్ళు నయం, అడక్కుండా ఆధార్ కార్డులో ఇంటిపేరు చూసి ఊరుకునేవోళ్ళున్నారని." ఆయన నన్ను నిందించలేదు. నాకో సమాచారం ఇచ్చాడు. అంటే ఆ ప్రశ్న ఇప్పుడు నోరు కూడా విడిచిపెడుతోంది. ఇంటిపేరు, ఊరిపేరు, చర్చికెళ్తారా, కూర ఏం వండుతారు అన్న రూపాల్లోకి మారుతోంది.

చరిత్ర క్రమం ఇప్పుడు స్పష్టం కావాలి. పల్లెలో నుయ్యి కులాన్ని చెప్పింది. పరిశ్రమ మనుషుల్ని కలిపేసి, ముఖం చూస్తే కులం తెలియని నగరాన్ని సృష్టించింది. ఆ కలయిక నిజమైన ప్రగతి. కాని భూమి, ఇల్లు, పెళ్ళి ఎవరి చేతుల్లో ఉన్నాయో వాళ్ళకు ఆ కలయిక భయం పుట్టించింది. ఆ భయం నుంచి ప్రశ్న పుట్టింది. ఇది వెనకబాటుతనం కాదు, ఆస్తినీ వియ్యాన్నీ కాపాడుకునే నగరపు పద్ధతి. ప్రభుత్వరంగం కుంచించుకుపోయి, కాంట్రాక్టు కూలీలతో నడిచే ప్రైవేటు ఫ్యాక్టరీలు పెరిగేకొద్దీ రిజర్వేషన్ అనే రక్షణ పలచబడుతుంది, ఈ ప్రశ్నకు బలం పెరుగుతుంది.

ఇది మన ఎల్లల్లో ఆగలేదు. 1860 నుంచి 1911 వరకు మన ఉత్తరాంధ్ర కూలీలు కూడా ఒప్పంద చీటీల మీద ఓడెక్కి నేటాల్ వెళ్ళారు. వాళ్ళు దిగిన రేవు డర్బన్. 2001లో అదే డర్బన్‌లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష వ్యతిరేక మహాసభ జరిగింది. కులాన్ని కూడా చర్చించమని దళిత సంఘాలు కోరితే, కులం జాతి కాదని భారత ప్రభుత్వం అడ్డుపడింది. అంబేద్కర్ వాదాన్ని అంబేద్కర్ ప్రజలకు వ్యతిరేకంగా వాడడం అంటే ఇదే. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగరం కులవివక్షను చట్టంతో నిషేధించింది. మన పిల్లలు కంప్యూటర్ ఉద్యోగాలకు వెళ్ళిన నగరాల్లో అదొకటి. అక్కడ తెల్లవాడి చూపుకు నొచ్చుకునే మన కుర్రవాడు, పక్క తెలుగువాణ్ణి ఇంటిపేరు అడుగుతున్నాడు. మా తాతయ్య ఓడ డెక్కు మీద ఇచ్చిన సలహా ఇంకా అమలవుతూనే ఉంది.

రచయితలకూ, సాహిత్య విద్యార్థులకూ నా మనవి ఒకటే. మారణకాండ జరిగినప్పుడు కవిత రాయడం అవసరం. రాస్తున్నాం కూడా. కాని మారణకాండకు ముందున్న మూడు వందల అరవై నాలుగు రోజులు మన సాహిత్యంలో ఖాళీగా ఉన్నాయి. ఆ రోజుల్లో అద్దె ఇంటి గుమ్మం ఉంది, పెళ్ళి సంబంధాల ప్రకటన ఉంది, ఆఫీసులో ఎవరూ తెరవని టిఫిన్ డబ్బా ఉంది. దళిత రచయితలు ఆ గుమ్మానికి బయట నిలబడి రాశారు. లోపలి గదిలో పేపరు అడ్డం పెట్టుకుని కూచున్నవాడి కథ వాళ్ళు రాయనక్కర లేదు. అది మనం రాయాలి. మన వేళ్ళతో మన ఇంటినే చూపిస్తూ రాయాలి.

నేను ఆ మిత్రుడి ఇంటికి వెళ్ళాను. ఆలస్యంగానే వెళ్ళాను. కుర్రవాడికి అప్పటికే వేరే చోట ఇల్లు దొరికింది. తప్పు ఒప్పుకున్నాను. ఆయన టీ ఇచ్చాడు. తాగాను. దానితో లెక్క చెల్లిందని నేను అనుకోవడం లేదు.